బండి నాది, కాలు నాది, మరి ఇన్సూరెన్స్ ఎవరి కోసం?

ఇవాళ్టి ముచ్చట బండి ఇన్సూరెన్స్. ఆగండి, స్కిప్ కొట్టకండి. ఏ పాలసీ కొనాలి, ఏ యాప్‌లో ఆఫర్ ఉంది అని చెప్పే వీడియో కాదిది. నాకెవరూ పైసలు ఇవ్వలేదు, కింద లింకు కూడా ఉండదు.

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. "అన్నా, బండి నాది, పెట్రోల్ నాది, పడితే ఇరిగేది నా కాలు. మరి ఇన్సూరెన్స్ చేయించుకోమని గవర్నమెంట్ జబర్దస్తీ ఎందుకు చేస్తది? హెల్త్ ఇన్సూరెన్స్ లేకుంటే చలాన్ రాయరు కదా, దీనికెందుకు రాస్తరు?"

ప్రశ్న బాగుంది. నిజంగానే బాగుంది. ఎందుకంటే మనలో చాలామందికి ఇన్సూరెన్స్ అంటే పోలీసాయన ఆపినప్పుడు చూపించే కాగితం, అంతే. హెల్మెట్ కూడా అలాగే, చౌరస్తా రాగానే పెట్టుకుని దాటగానే తీసి మోచేతికి తగిలించుకుంటాం. చలాన్ తప్పించుకోవడానికే అయితే తమ్ముడు అడిగింది కరెక్టే. కానీ చట్టం అడుగుతున్నది వేరే.

మోటార్ వాహనాల చట్టం 1988లో సెక్షన్ 146 అని ఉంది. పబ్లిక్ రోడ్డు మీద బండి నడపాలంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి అంటుంది. ఈ పేరు రోజూ వింటాం గానీ థర్డ్ పార్టీ ఎవరు అని ఆలోచించం. మొదటి పార్టీ మీరు. రెండో పార్టీ కంపెనీ. మూడో పార్టీ అంటే మీ బండి తగిలిన మనిషి. రోడ్డు దాటుతున్న ముసలవ్వ, సైకిల్ మీద స్కూలుకి పోతున్న పిల్ల, ఎదురుగా వస్తున్న ఇంకో బండి ఆయన. చట్టం అడిగేది వాళ్ల కోసం. నీ కాలు ఇరిగితే ఎట్లా, నీ బండికి సొట్ట పడితే ఎట్లా, బండి దొంగలు ఎత్తుకపోతే ఎట్లా అనేది చట్టం అడగట్లేదు. బండి నష్టానికైతే ఓన్ డ్యామేజ్ పాలసీ. అది తీసుకోవాలా వద్దా అనేది పూర్తిగా నీ ఇష్టం. ఎవడూ జబర్దస్తీ చేయడు.

కాబట్టి హెల్త్ ఇన్సూరెన్స్‌తో పోలిక ఇక్కడే ఆగిపోతుంది. హెల్త్ పాలసీ లేకపోతే నష్టం నీకు, నీ ఇంటోళ్లకి. బండి ఇన్సూరెన్స్ లేకపోతే నష్టం నువ్వెవరో కూడా తెలియని మనిషికి.

ఇది కొత్త రూలేమీ కాదు. బ్రిటన్‌లో 1930లో వచ్చింది. మన దేశంలో 1939 చట్టంలో రాశారు, ఇన్సూరెన్స్ భాగం 1946 జులై 1 నుంచి అమల్లో పెట్టారు. అప్పటికి మన నల్లగొండ, పాలమూరు నిజాం రాజ్యంలో ఉన్నాయి, అది వేరే కథ.

సరే, ఇప్పుడు లెక్క చేద్దాం. బీటెక్ చదివి నాలుగేళ్లు కంపెనీలో ఎక్సెల్ షీట్లు చూసినోడిని, లెక్క లేకుండా వీడియో చేస్తే నాకే నిద్ర పట్టదు.

దేవరకొండ దగ్గర ఒక ఊరు అనుకుందాం. 32 ఏళ్ల మేస్త్రి. నెలకి 12 వేలు సంపాదిస్తాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. సాయంత్రం పని నుంచి నడుచుకుంటూ వస్తుంటే ఒక బైక్ గుద్ది చనిపోయాడు. ఇది ఊహించుకున్న కేసే, కానీ కోర్టు లెక్క మాత్రం నిజమైనది. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో పద్ధతి ఫిక్స్ చేసింది. జిల్లా కోర్టులో కూర్చునే యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఆ పద్ధతిలోనే పోతుంది.

నెలకి 12 వేలు. బతికుంటే సంపాదన పెరిగేది కదా, 40 ఏళ్ల లోపు సొంత పని చేసుకునేవాళ్లకి దాని కోసం 40 శాతం కలుపుతారు. 16,800 అయింది. తన సొంత ఖర్చులు పోను అని, ఇంట్లో ఆధారపడ్డవాళ్లు నలుగురు ఉన్నారు కాబట్టి నాలుగో వంతు తీసేస్తారు. 12,600 మిగిలింది. ఏడాదికి 1,51,200. ఇప్పుడు వయసును బట్టి ఒక గుణకం ఉంటుంది. 31 నుంచి 35 ఏళ్ల మధ్య అయితే 16. గుణిస్తే 24,19,200. అంత్యక్రియల ఖర్చు, ఇంటి మనిషిని పోగొట్టుకున్నందుకు ఇచ్చేది, ఇలాంటివి కలిపితే 25 లక్షల దాకా పోతుంది.

25 లక్షలు. చనిపోయిన ఆయన పెద్ద ఉద్యోగి కాదు, నెలకి 12 వేల మేస్త్రి. గుద్దినవాడు డిగ్రీ సెకండియర్ పిల్లగాడు అనుకోండి. వాళ్ల నాన్నకి రెండెకరాల చెలక. ఆ 25 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు?

బండికి థర్డ్ పార్టీ ఉంటే కంపెనీ కడుతుంది. 75 సీసీ పైన, 150 సీసీ లోపు బైక్‌కి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం 714 రూపాయలు. జీఎస్టీ 18 శాతం కలిపితే 842 చిల్లర. రోజుకి రెండు రూపాయల ముప్పై పైసలు. 714 లెక్కన 25 లక్షలు జమ కావాలంటే ఒక మనిషి మూడున్నర వేల ఏళ్లు కట్టాలి. అందరూ తలా ఇంత వేస్తేనే ఆ పైసలు పుడతాయి. చిట్టీ లాగానే, కాకపోతే ఈ చిట్టీ పాట ఎవరికీ రాకూడదని కోరుకుంటాం.

ఇంకో మాట. ఈ థర్డ్ పార్టీ రేటు కేంద్ర ప్రభుత్వం ఫిక్స్ చేస్తుంది. ఏ కంపెనీలో చేసినా అంతే. "మీకోసం సగానికే ఇప్పిస్తా" అని ఎవరన్నా ఏజెంట్ అంటే ఆ కాగితం మీద అనుమానం పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ లేకపోతే ఏమవుతుంది? చాలామంది "రెండు వేల ఫైన్, అంతే కదా" అంటారు. అవును, సెక్షన్ 196 ప్రకారం మొదటిసారి 2,000 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి 4,000. అది చిన్న పాము. పెద్ద పాము వేరే ఉంది. ఆ 25 లక్షల అవార్డు నేరుగా బండి ఓనర్ పేరు మీద వస్తుంది. గుద్దిన బండిని పోలీసులు తీసుకెళ్తే అది ఊరికే ఇవ్వరు. ఇన్సూరెన్స్ లేని బండి ప్రమాదం చేస్తే దాన్ని వేలం వేసి ఆ పైసలు ట్రిబ్యునల్‌లో జమ చేయాలి, దానికి రూల్స్ పెట్టుకోండి అని 2018లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. వేలం వేస్తే పాత బైక్‌కి ఎంతొస్తుంది? పాతిక వేలు? మిగతా 24 లక్షల 75 వేలకి ఆ రెండెకరాల మీద పడాలి. పడ్డా సరిపోవు. చివరికి మేస్త్రి భార్య చేతిలో కోర్టు కాగితం ఉంటుంది, పైసలు ఉండవు. పిల్లగాడి ఇంట్లో భూమి ఉండదు. రెండు ఇండ్లు మునుగుతాయి, ఒకరికి కూడా న్యాయం జరగదు.

ఇక్కడ బండ్లు అమ్ముకునేవాళ్లు వినండి. పాత బండి అమ్మేసి, పైసలు తీసుకుని, తాళం చేతులో పెట్టి, "ఆర్సీ నువ్వే మార్పించుకో బావా" అని వదిలేసేవాళ్లు మన దగ్గర ప్రతి వాడలో ఉన్నారు. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, బండి ఎన్ని చేతులు మారినా సరే, ఆర్టీఏ రికార్డులో పేరు ఎవరిది ఉందో వాళ్లే ఓనర్, వాళ్లే బాధ్యులు. ఆ కేసులో కారు ఒకరి తర్వాత ఒకరికి అమ్ముడు పోయింది, ప్రమాదం జరిగినప్పుడు మొదటాయన దగ్గర అసలు కారే లేదు. అయినా బాధ్యత ఆయనకే చుట్టుకుంది. మీరు మూడేళ్ల కింద జడ్చర్లలో అమ్మిన బండి ఇవాళ కల్వకుర్తిలో ఎవర్ని గుద్దినా నోటీసు మీ ఇంటికి రావచ్చు.

ఇప్పుడు అవతలి వాదన. నేను దీన్ని తేలిగ్గా తీసిపారేయను, అందులో దమ్ముంది.

మొదటిది, పేదవాళ్ల మీద భారం అనేది. ఏడాదికి 842 రూపాయలు కొందరికి నిజంగానే ఎక్కువ. రెండు రోజుల కూలి. కానీ మన రోడ్ల మీద చచ్చిపోయేది ఎవరో చూడండి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో పెద్ద వాటా బైక్‌ల మీద పోయేవాళ్లు, తర్వాత నడిచి పోయేవాళ్లు. కార్లలో ఉన్నవాళ్లు కాదు. విజయవాడ హైవే మీద చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ దగ్గర రోడ్డు దాటేది ఎవరు? బెంగళూరు హైవే మీద భూత్పూర్, కొత్తకోట దగ్గర సైకిల్ తోసుకుపోయేది ఎవరు? ఇన్సూరెన్స్ కట్టేవాడూ పేదవాడే కావచ్చు, కానీ అది లేకపోతే నష్టపోయేవాడు ఇంకా పేదవాడు.

రెండోది, "కంపెనీలు ఇస్తాయా అన్నా, తిప్పుతాయి" అనేది. తిప్పుతాయి. ఏళ్లకేళ్లు కేసులు నడుస్తాయి, కింది కోర్టులో ఓడితే హైకోర్టుకి పోతాయి. అది నిజమే. కానీ చివరికి తీర్పు వచ్చిన రోజు కంపెనీ దగ్గర పైసలు ఉంటాయి, రెండెకరాల రైతు దగ్గర ఉండవు. ఆలస్యంగా వచ్చే పైసలకీ, అసలు రాని పైసలకీ తేడా ఉంది కదా.

మూడోది నాకు ఇంట్రెస్టింగ్ అనిపించింది. ఒక్కో మనిషినీ పట్టుకుని పాలసీ తీసుకున్నావా అని అడిగే బదులు పెట్రోల్ మీదే వేస్తే పోదా? ఎక్కువ తిరిగేవాడు ఎక్కువ కడతాడు, ఎవడూ తప్పించుకోలేడు. దక్షిణాఫ్రికాలో అలాగే చేశారు. అక్కడ ఇంధనం మీద పన్ను వేసి రోడ్ యాక్సిడెంట్ ఫండ్ నడుపుతున్నారు. వినడానికి బాగుంది. కానీ ఆ ఫండ్ ఏళ్ల తరబడి అప్పుల్లోనే ఉంది, బాధితులు అక్కడా ఎదురుచూస్తూనే ఉన్నారు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో అయితే చాలామంది డ్రైవర్లకి ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు, కానీ ప్రమాదం చేస్తే కట్టగలిగే స్తోమత మాత్రం ఉండాలంటారు. మన దగ్గర ఆ స్తోమత ఎంతమందికి ఉంది?

కాబట్టి నా జవాబు క్లియర్. తప్పనిసరిగా ఉండాలి. ఇందులో నాకు డౌట్ లేదు. నా గొడవ వేరే. తప్పనిసరి అని రాసిన చట్టం మన జిల్లాల్లో ఎవరి దగ్గరికి వచ్చి ఆగిపోతుందో చూస్తే కోపం వస్తుంది. అసలు ఈ వీడియో దాని కోసమే.

2018 ఏప్రిల్ 6. నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలం, వద్దిపట్ల దగ్గర. పొద్దున్నే తండా నుంచి కూలీలు ట్రాక్టర్ ట్రాలీలో పనికి పోతున్నారు. ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడింది. తొమ్మిది మంది ఆడవాళ్లు చనిపోయారు.

మూడు నెలలు కూడా కాలేదు. జూన్ 24. పాత నల్లగొండ జిల్లానే, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. వలిగొండ మండలం వేములకొండ దగ్గర మళ్లీ ట్రాక్టర్, మళ్లీ పొలం పనికి పోతున్న ఆడవాళ్లు, ఈసారి మూసీ కాలువ. పదిహేను మంది.

ఆ మరుసటి ఏడాది 2019 ఆగస్టులో మహబూబ్‌నగర్ జిల్లా మిడ్జిల్ మండలం కొత్తపల్లి దగ్గర కూలీలతో పోతున్న ఆటోని లారీ గుద్దింది. పది మందికి పైగా పోయారు.

ఆ బండ్లకి ఇన్సూరెన్స్ ఉందా, ఆ కుటుంబాలకి ఏం అందింది అనే దాంట్లోకి నేను పోవట్లేదు. నేను చెప్పేది చట్టం సంగతి. అన్ని కాగితాలూ పక్కాగా ఉన్న ట్రాక్టర్ అనుకోండి. ఇన్సూరెన్స్ ఉంది, డ్రైవర్‌కి లైసెన్స్ ఉంది. ఆ ట్రాలీలో కూర్చున్న అవ్వ చనిపోతే కంపెనీ కట్టాలా?

చట్టం ప్రకారం కట్టాల్సిన పని లేదు అనే చెప్తాయి తీర్పులు. ట్రాక్టర్‌లో సీటు ఒక్కటే, డ్రైవర్‌ది. ట్రాలీ మనుషుల్ని మోయడానికి కాదు, సామాను మోయడానికి. సామాను బండ్లలో ఎక్కి పోయేవాళ్లకి కంపెనీ బాధ్యత లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సామాను ఓనరో, ఆయన మనిషో అయితే వేరు. 2007లో బ్రిజ్ మోహన్ కేసు వచ్చింది. అది అచ్చంగా మన కథే. ఇటుక బట్టీకి మట్టి తోలే ట్రాక్టర్ ట్రాలీ మీద పోతున్న కూలీ, కింద పడి చక్రాల కింద నలిగి వికలాంగుడయ్యాడు. ట్రాక్టర్‌కి ఇన్సూరెన్స్ ఉంది, ట్రాలీకి లేదు, చేస్తున్నది వ్యవసాయ పని కాదు. కంపెనీకి బాధ్యత లేదని కోర్టు తేల్చింది. కానీ మనిషి పరిస్థితి చూసి, తనకున్న ప్రత్యేక అధికారం వాడి, ముందు కంపెనీని కట్టమని, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని చెప్పింది.

గమనించారా? ఆ కూలీకి వచ్చింది హక్కుగా రాలేదు, దయగా వచ్చింది. అదీ సుప్రీంకోర్టు దాకా పోతే.

ఆటోలకి ఇంకో లెక్క. ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో పద్నాలుగు మంది ఎక్కుతారు కదా పత్తి ఏరడానికి పోయేటప్పుడు. 2007లోనే అంజనా శ్యామ్ కేసులో, పరిమితికి మించి ఎక్కించిన బస్సు విషయంలో సుప్రీంకోర్టు చెప్పింది ఏంటంటే, పాలసీలో ఎంతమంది ప్రయాణికులు ఉంటే అంతమంది లెక్కకే కంపెనీ కడుతుంది. అన్నిటికంటే పెద్ద అవార్డులు అన్ని తీసుకుని, ఆ మొత్తాన్ని అందరికీ పంచాలి. మిగిలింది ఓనర్ దగ్గర తెచ్చుకోవాలి. అంటే ముగ్గురి పైసలు పద్నాలుగు ఇండ్లు పంచుకోవాలి. ఆటో ఓనర్ దగ్గర ఏముంటుంది, ఆటో కిస్తీలు తప్ప?

సాఫ్ట్‌వేర్‌లో మేం ఎడ్జ్ కేస్ అంటాం. ఎప్పుడో ఒకసారి జరిగే విచిత్రమైన పరిస్థితి, దాని కోసం ప్రోగ్రాం రాయకపోయినా పెద్ద నష్టం లేదని వదిలేస్తాం. ఢిల్లీలో కూర్చుని చూస్తే ట్రాలీలో మనుషులు ఎడ్జ్ కేస్ లాగే కనిపిస్తారు. కానీ జూన్‌లో వానలు పడగానే పొద్దున ఆరింటికి దేవరకొండ రోడ్డు మీద, అచ్చంపేట రోడ్డు మీద నిలబడి చూడండి. టిఫిన్ గిన్నెలు ఒళ్లో పెట్టుకుని, కొంగు తలకి చుట్టుకుని, ట్రాలీ అంచు పట్టుకుని పోయేవాళ్లే మన ట్రాఫిక్. విత్తనాలు పెట్టడం, కలుపు తీయడం, పత్తి ఏరడం, నాట్లు, అన్నిటికీ ఇలాగే పోతారు. పని దొరికేది పది కిలోమీటర్ల అవతల ఊర్లో. ఆ టైంకి ఆ చేను దాకా బస్సు ఉండదు. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకి టికెట్ లేదు నిజమే, కానీ బస్సు పోయే దారిలో చేను ఉండాలి కదా.

"ట్రాలీలో ఎక్కడం తప్పు కదా అన్నా, రూల్ ఒప్పుకోదు కదా" అని మీరు అనవచ్చు. ఒప్పుకోదు. కానీ తప్పు ఎవరిది? రైతు పంపిస్తాడు, మేస్త్రి ఎక్కిస్తాడు, డ్రైవర్ నడుపుతాడు. ఎక్కను అంటే ఆ అవ్వకి ఆ రోజు కూలి పోతుంది. రూల్ తప్పినందుకు శిక్ష మాత్రం చనిపోయిన మనిషి పిల్లలకి పడుతుంది. లైసెన్స్ లేనివాడు నడిపిన కేసులో కూడా కోర్టులు చాలాసార్లు ముందు బాధితులకి కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకో అని కంపెనీకి చెప్తాయి, 2004లో స్వరణ్ సింగ్ కేసు నుంచి ఆ దారి ఉంది. డ్రైవర్ తప్పుకి బయటివాళ్లు బలి కావద్దు అనే కదా దాని అర్థం. మరి ట్రాలీలో కూర్చున్న మనిషికి అదే దారి గ్యారంటీగా ఎందుకు లేదు?

ఇక్కడ ఇంకో పోలిక కూడా పెట్టాలి. అదే 2018 ఆగస్టులో, అంటే వేములకొండ ప్రమాదం జరిగిన రెండు నెలల లోపే, రాష్ట్రంలో రైతు బీమా మొదలైంది. పట్టాదారు పాస్‌బుక్ ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా ఎల్ఐసీ నుంచి ఇంటికి 5 లక్షలు. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. మంచి స్కీమ్, నేను కాదనను. కానీ పాస్‌బుక్ ఉండాలి. చేను ఓనర్‌కి బీమా ఉంది. ఆయన ట్రాక్టర్‌కి ఇన్సూరెన్స్ ఉంది. ఆయన చేనుకి కలుపు తీయడానికి ఆయన ట్రాక్టర్‌లోనే పోయే భూమి లేని కూలీకి రెండిట్లో దేంట్లోనూ చోటు లేదు.

నేను లాయర్‌ని కాదు, కానీ దీనికి దారి కష్టమని నాకు అనిపించట్లేదు. ట్రాక్టర్ పాలసీ తీసుకునేటప్పుడే ట్రాలీలో పోయే కూలీలకి ఇంతమందికి అని ఒక చిన్న ప్రీమియం తప్పనిసరి చేయొచ్చు. ఇప్పుడు కూడా లోడింగ్ కూలీల కోసం అదనంగా కట్టే వీలు పాలసీల్లో ఉంటుంది, కానీ అది ఇష్టమున్నవాళ్ల సంగతి, ఇష్టమున్నవాళ్లు ఎంతమంది ఉంటారో మనకు తెలుసు. "అలా చేస్తే ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడానికి పర్మిషన్ ఇచ్చినట్టే కదా" అనే మాట వస్తుంది. ఇది నిజంగా గట్టి అభ్యంతరమే. దానికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే. లైసెన్స్ లేనివాడు గుద్దినా బాధితులకి ముందు కట్టించడం, లైసెన్స్ లేకుండా నడపమని పర్మిషన్ ఇచ్చినట్టు ఎవరూ అనుకోలేదు. ఓనర్ దగ్గర వసూలు చేయండి, కేసు పెట్టండి, ఫైన్ వేయండి. చనిపోయిన మనిషి ఇంటికి మాత్రం ముందు పైసలు రానివ్వండి.

అసలు తప్పనిసరి ఇన్సూరెన్స్ లేకుండా దర్జాగా తిరిగేది ఒకటుంది, చెప్పలేదు కదూ. ఆర్టీసీ బస్సు. ప్రభుత్వ రవాణా సంస్థలు సొంతంగా ఒక ఫండ్ పెట్టుకుంటే సెక్షన్ 146 నుంచి మినహాయింపు తీసుకోవచ్చు. అందుకే పరిహారం కట్టలేదని కోర్టువాళ్లు వచ్చి ఆర్టీసీ బస్సుని జప్తు చేశారనే వార్త అప్పుడప్పుడు పేపర్లో చూస్తాం. ప్రయాణికులని దింపి బస్సుని కోర్టు ముందు పెట్టిన ఫోటో చూస్తే నవ్వొస్తుంది గానీ, ఆ పరిహారం కోసం ఎదురుచూసిన ఇంటికి అది నవ్వు కాదు.

సరే, చట్టం మారేదాకా మన చేతిలో ఉన్నవి చెప్తా. స్పీడ్‌గా చెప్తా, కావాలంటే వెనక్కి జరుపుకుని వినండి.

2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త బైక్ కొంటే ఐదేళ్ల థర్డ్ పార్టీ, కొత్త కారుకి మూడేళ్లది ముందే కట్టించుకుంటున్నారు. ఇది సుప్రీంకోర్టు ఆర్డర్ వల్ల వచ్చింది. ఆ టైంలో కోర్టు ముందుకొచ్చిన లెక్క ఏంటంటే, రోడ్డు మీద 18 కోట్ల బండ్లు ఉంటే 6 కోట్లకే ఇన్సూరెన్స్ ఉంది. షోరూంలో ఐదేళ్లది కట్టాం కాబట్టి మనం మర్చిపోతాం. ఆరో ఏడు ఎవరూ ఫోన్ చేసి గుర్తు చేయరు. 2020లో కొన్న బండికి 2025లో అయిపోయింది. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టండి, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. మీ బండిదే కాదు, మీ బాపు బండిది కూడా చూడండి. ఊర్లో ఉండే స్ప్లెండర్లకే ఎక్కువగా అయిపోయి ఉంటుంది.

బైక్ వెనక కూర్చునే దోస్తు సంగతి. ఉత్త థర్డ్ పార్టీ పాలసీలో వెనక కూర్చున్నవాళ్లకి రాదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్యాకేజీ పాలసీ అయితే వస్తుంది. ట్రిపుల్స్ పోయేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు అనుకుంటా. ఓనర్ స్వయంగా నడిపి చనిపోతే థర్డ్ పార్టీలో ఏమీ రాదు, దానికి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ విడిగా ఉంటుంది, పాలసీ కాగితంలో ఆ లైన్ ఉందో లేదో చూసుకోండి.

గుద్దిన బండి ఆగకుండా పోయి, ఎవరిదో తెలియకపోతే కూడా దారి ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి చనిపోతే 2 లక్షలు, పెద్ద గాయాలైతే 50 వేలు. అంతకుముందు 25 వేలు, 12,500 ఉండేది. మన హైవేల మీద రాత్రి పూట గుద్ది పోయే కేసులు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు, కానీ ఈ పైసలకి అప్లికేషన్ పెట్టేవాళ్లు తక్కువ. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్ట్ పట్టుకుని తహసీల్దార్ ఆఫీసులో అడగండి. వాళ్లు తెలియదంటే ఆర్డీవో ఆఫీసుకి పోండి.

ఇక చివరిది, ఊర్లో ఉండేవాళ్లకి. మీ ఇంట్లో అమ్మో, చిన్నమ్మో కూలికి ట్రాలీలో పోతుంటే, ఆ ట్రాక్టర్ ఆయన మీకు తెలిసినాయనే అయి ఉంటాడు, మామా అనో కాకా అనో పిలిచే మనిషే. నంబర్ యాప్‌లో చూడండి. ట్రాక్టర్ నంబర్ వేరు, ట్రాలీ నంబర్ వేరు, రెండూ చూడండి. చాలా ట్రాలీలకి నంబర్ ప్లేటే ఉండదు, అప్పుడు ఆయన్నే అడగండి. "కాకా, డబ్బాకి ఇన్సూరెన్స్ ఉందా, కూలీలకి ఎక్స్‌ట్రా ఏమన్నా కట్టినవా?" అని. కోపం చేసుకుంటే చేసుకోనియ్యండి. పత్తి ఏరే సీజన్ కంటే ముందే అడగండి.

వచ్చే వారం ఆర్టీసీ డిపోల భూముల మీద ఎపిసోడ్ ఉంది. ఉంటా మరి.